కంప్యూటర్ పెట్టగానే సౌండ్ డ్రైవర్ ఎర్రర్: మదర్‌బోర్డు మార్చే ముందు చూడవలసినవి

ప్రశ్న: నేను విజయనగరంలో గాత్ర సంగీతం నేర్పుతాను. అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకు ఉదయం ఆరు గంటలకు ఆన్‌లైన్‌లో పాఠం చెబుతాను. నాది 2019లో విడిభాగాలు కొని బిగించిన డెస్క్‌టాప్. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోతాయని మా అబ్బాయి దానిని విండోస్ 11కి మార్చాడు. అప్పటినుంచి కంప్యూటర్ పెట్టగానే ఆడియో డ్రైవర్ దొరకలేదంటూ రియల్‌టెక్ పేరుతో ఒక పెట్టె తెర మీదకు వస్తోంది. ఓకే నొక్కితే పోతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. కొన్ని రోజులు శబ్దం బాగానే ఉంటుంది. కొన్ని రోజులు స్పీకరు బొమ్మ మీద ఎర్ర గుర్తు పడి ఏమీ వినిపించదు. అప్పుడు రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు వస్తుంది. డ్రైవర్లన్నీ తానే అప్‌డేట్ చేస్తుందన్న ఒక ఉచిత ప్రోగ్రాం వేసి చూశాం, ఫలితం లేదు. రిపేరు షాపులో సౌండ్ చిప్ పోయింది, మదర్‌బోర్డు మార్చాలి అంటున్నారు. మార్చక తప్పదా? ఫార్మాట్ చేస్తే పోతుందా?

సమాధానం: సంగీతం టీచర్ గారికి నమస్కారం. ప్రస్తుతానికి మదర్‌బోర్డూ మార్చకండి, ఫార్మాటూ చేయించకండి. మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసిన ఒక వాక్యమే నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పింది. శబ్దం లేని రోజున రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు వస్తుందన్నారు. కాలిపోయిన చిప్ రీస్టార్ట్ చేసినంత మాత్రాన తిరిగి పలకదు. కాబట్టి చిప్ ప్రాణంతోనే ఉందనీ, కంప్యూటర్ మొదలయ్యే సమయంలో దానికీ విండోస్‌కూ మధ్య సంబంధం సరిగా కుదరడం లేదనీ అనుకోవడానికి బలమైన ఆధారం ఉంది. ఇంకొక సంగతి కూడా ముందే చెప్పాలి. మీరు ఒకే జబ్బుగా వర్ణించినవి నిజానికి రెండు వేరువేరు సమస్యలు అయివుండవచ్చు. పెట్టె రావడం ఒకటి, శబ్దం పోవడం మరొకటి. పెట్టె వచ్చిన రోజుల్లో కూడా శబ్దం బాగానే ఉంటోందంటే, ఆ పెట్టెను చూపిస్తున్నది డ్రైవర్ కాదు, డ్రైవర్‌కు తోడుగా వచ్చిన మరో ప్రోగ్రాం. ఈ తేడా తెలుసుకోకుండా డ్రైవర్‌ను ఎన్నిసార్లు తీసి వేసినా పెట్టె పోదు.

శబ్దం స్పీకరు దాకా రావడానికి ఎన్ని అంచెలున్నాయో కొద్దిగా చెప్పుకుందాం. ఇప్పటి డెస్క్‌టాప్‌లలో సౌండ్ కార్డు విడిగా ఉండదు. మదర్‌బోర్డు మీదనే అంకెలను శబ్దంగా మార్చే ఒక చిన్న చిప్ ఉంటుంది, దానిని కోడెక్ అంటారు. ఆ కోడెక్‌ను ప్రాసెసర్‌తో కలిపేది చిప్‌సెట్‌లోని ఆడియో కంట్రోలర్. ఈ రెండూ మాట్లాడుకునే పద్ధతిని ఇంటెల్ సంస్థ 2004లో హై డెఫినిషన్ ఆడియో పేరుతో నిర్ణయించింది. దానికి ముందు 1997 నాటి ఏసీ 97 అనే పద్ధతి ఉండేది. ఈ హార్డ్‌వేర్‌ను విండోస్‌కు పరిచయం చేసేది డ్రైవర్. డ్రైవర్ పైన విండోస్ ఆడియో, విండోస్ ఆడియో ఎండ్‌పాయింట్ బిల్డర్ అనే రెండు సర్వీసులు, అంటే తెర మీద కనిపించకుండా వెనుక నడిచే ప్రోగ్రాములు, పనిచేస్తాయి. వీటన్నిటికీ పైన, వాల్యూమ్, మైకు, జాక్‌ల సెట్టింగులు చూపించే ప్రోగ్రాం కూర్చుంటుంది, సౌండ్ చిప్‌లు చేసే రియల్‌టెక్ కంపెనీ వారి మేనేజర్ అలాంటిదే. అది లేకపోయినా శబ్దం వస్తుంది.

మీ కంప్యూటర్ కొన్న రోజుల్లో చాలా బోర్డులకు డ్రైవర్, మేనేజర్ రెండూ ఒకే కట్టగా వచ్చేవి. మైక్రోసాఫ్ట్ తెచ్చిన డీసీహెచ్ అనే కొత్త రకం డ్రైవర్ల పద్ధతి ఆ తరువాత వ్యాపించింది. ఇందులో డ్రైవర్ విడిగా, సెట్టింగుల ప్రోగ్రాం విడిగా ఉంటాయి. పాత రియల్‌టెక్ హెచ్‌డీ ఆడియో మేనేజర్ స్థానంలో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దిగే రియల్‌టెక్ ఆడియో కన్సోల్ వచ్చింది. విండోస్ 11కి మారినప్పుడు విండోస్ అప్‌డేట్ మీకు కొత్త రకం డ్రైవర్‌నో, లేదా మైక్రోసాఫ్ట్ వారి సాధారణ డ్రైవర్‌నో వేసి ఉంటుంది. పాత మేనేజర్ మాత్రం స్టార్టప్ జాబితాలో అలాగే మిగిలిపోయి ఉంటుంది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లారని తెలియక రోజూ పొద్దున్నే ఆ గుమ్మం ముందు నిలబడి పిలిచే పాలవాడిలాగా, అది కంప్యూటర్ పెట్టిన ప్రతిసారీ తన పాత డ్రైవర్ కోసం వెతికి, కనిపించక, మీకు ఫిర్యాదు చేస్తోంది. మీరు పంపిన వివరాలకు అన్నిటికంటే బాగా సరిపోయే కారణం ఇదే.

పెట్టె పోవడానికి ఇలా చేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో స్టార్టప్ యాప్స్ అనే విభాగంలోకి వెళ్లండి. రియల్‌టెక్ హెచ్‌డీ ఆడియో మేనేజర్ అన్న పేరు కనిపిస్తే దాని మీద కుడి క్లిక్ చేసి డిజేబుల్ నొక్కండి. రియల్‌టెక్ హెచ్‌డీ ఆడియో యూనివర్సల్ సర్వీస్ అని ఇంకొక పేరు ఉండవచ్చు. అది కొత్త డ్రైవర్‌కు చెందినది కాబట్టి దానిని ముట్టుకోవద్దు. ఈ రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటే, పాతదీ కొత్తదీ ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయని, నేను పైన చెప్పిన కారణం నిజమేనని మీకే రుజువవుతుంది. ఒక్కొక్కసారి ఏ బొమ్మా లేకుండా ఉత్తగా ప్రోగ్రాం అన్న మాట మాత్రమే ఉన్న వరుస కూడా కనిపిస్తుంది. ఫైలు పోయి, పిలుపు మాత్రమే మిగిలిన స్టార్టప్ వరుసలు ఇలా కనిపిస్తాయి. ఆ జాబితా పైనున్న శీర్షికల మీద కుడి క్లిక్ చేసి కమాండ్ లైన్ అన్న దానికి టిక్ పెడితే, ఆ వరుస ఏ ఫోల్డర్‌లోని ఏ ఫైలును పిలుస్తోందో పక్కనే చూపిస్తుంది. అక్కడ రియల్‌టెక్ అన్న పేరు ఉంటే దానినీ డిజేబుల్ చేయవచ్చు. డిజేబుల్ చేయడం వల్ల ఏదీ చెరిగిపోదు. అవసరమైతే తిరిగి ఎనేబుల్ చేసుకోవచ్చు కాబట్టి భయపడవలసింది లేదు.

ఇక శబ్దం పోవడం గురించి. ఇది పెట్టెకంటే ముఖ్యమైనది, ఎందుకంటే ఆరు గంటలకు పిల్లలు తెర ముందు కూర్చుని ఎదురుచూసేది మీ గొంతు కోసం. రీస్టార్ట్ చేస్తే శబ్దం వచ్చి, రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున పెడితే పోవడంలో ఒక తర్కం ఉంది. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం వచ్చింది. అది ఉన్నప్పుడు మీరు షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రాములు మాత్రమే పూర్తిగా మూతపడతాయి. విండోస్ కెర్నెల్ అనే మూల భాగం, డ్రైవర్లు అప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో ఆ స్థితి డిస్క్‌లో ఒక ఫైలుగా భద్రమవుతుంది. మర్నాడు కంప్యూటర్ పెట్టినప్పుడు ఆ ఫైలు నుంచే అవి లేస్తాయి. త్వరగా తెరుచుకోవడానికి ఇది మంచిదే. కానీ నిన్న డ్రైవర్ తడబడిన స్థితిలో ఉంటే ఈ రోజు కూడా అదే తడబాటుతో లేస్తుంది. పాత డ్రైవర్ అయితే నిద్ర లేచాక కోడెక్‌ను మళ్లీ సిద్ధం చేయడంలో విఫలం కావచ్చు. రీస్టార్ట్‌లో ఈ దారి ఉండదు, అన్ని డ్రైవర్లూ మొదటినుంచి లోడవుతాయి.

ఇది మీ విషయంలో జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి తేలికైన దారి ఉంది. పొద్దున్నే కంప్యూటర్ పెట్టిన వెంటనే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ విభాగం తెరిచి, సీపీయూ మీద నొక్కి, కింద అప్ టైమ్ అన్న చోట ఉన్న సంఖ్య చూడండి. రాత్రి షట్‌డౌన్ చేసినా అక్కడ రోజులు, గంటలు లెక్కలో కనిపిస్తే, మీ విండోస్ ఇన్ని రోజులుగా నిజంగా ఆగి మొదలు కానేలేదని అర్థం. అప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడమవైపు ఉండే చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ అన్న లింకు నొక్కండి. పైన ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్ అని మరొక లింకు ఉంటుంది, దానిని నొక్కితేనే కింది గడులు మార్చడానికి వీలవుతుంది. అక్కడ టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్ దగ్గరి టిక్ తీసేసి సేవ్ చేయండి. కంప్యూటర్ తెరుచుకోవడానికి కొద్ది సేపు ఎక్కువ పడుతుంది, మీ పనికి అది పెద్ద నష్టం కాదు. సెట్టింగు మార్చకుండా ముందు పరీక్షించి చూడాలంటే, రాత్రి షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. ఆ ఒక్కసారికి పూర్తి షట్‌డౌన్ జరుగుతుంది. అలా కొన్ని రాత్రులు చేసి చూసి, ఉదయాలు శబ్దం క్రమంగా వస్తుంటే కారణం దొరికినట్టే.

ఈ రెండు పనులతోనే చాలా కంప్యూటర్లు దారికి వస్తాయి. అయినా శబ్దం పోయిన రోజు వస్తే, దయచేసి వెంటనే రీస్టార్ట్ చేయకండి. రోగం కనిపిస్తున్నది ఆ క్షణంలోనే. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్ అన్న వరుసను విప్పితే రియల్‌టెక్ పేరు కనిపించాలి. దాని మీద పసుపు త్రికోణం ఉంటే రెండుసార్లు క్లిక్ చేసి, జనరల్ విభాగంలో డివైస్ స్టేటస్ గడిలో ఉన్న కోడ్ సంఖ్య రాసుకోండి. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉంది కానీ పరికరం మొదలు కాలేదు. కోడ్ 28 అంటే డ్రైవరే లేదు. కోడ్ 39 అంటే డ్రైవర్ ఫైలు చెడిపోయింది లేదా దొరకడం లేదు. కోడ్ 52 అంటే డ్రైవర్ డిజిటల్ సంతకాన్ని విండోస్ ఒప్పుకోవడం లేదు. రియల్‌టెక్ పేరే అక్కడ లేకపోతే, సిస్టమ్ డివైసెస్ వరుసలో హై డెఫినిషన్ ఆడియో కంట్రోలర్ ఉందో లేదో, దాని మీద త్రికోణం ఉందో చూడండి. తప్పు అక్కడ ఉంటే వేయవలసింది చిప్‌సెట్ డ్రైవర్, సౌండ్ డ్రైవర్ కాదు. డివైస్ మేనేజర్‌లో ఏ త్రికోణమూ లేకుండా శబ్దం మాత్రం రాకపోతే, టాస్క్‌బార్ మీది స్పీకరు బొమ్మ దగ్గర అవుట్‌పుట్ ఏ పరికరానికి వెళుతోందో చూడాలి. హెచ్‌డీఎంఐ తీగతో మానిటర్ కలిపి ఉన్నవారికి శబ్దం స్పీకర్లు లేని మానిటర్‌కు వెళ్లిపోవడం తరచుగా జరుగుతుంది.

కోడ్ 10 గాని 39 గాని కనిపిస్తే డ్రైవర్‌ను మార్చవలసిందే. కానీ తీసివేయడంకంటే ముందు ఒక సున్నితమైన ప్రయత్నం ఉంది. రియల్‌టెక్ పేరు మీద కుడి క్లిక్ చేసి అప్‌డేట్ డ్రైవర్, అందులో బ్రౌజ్ మై కంప్యూటర్, ఆ తరువాత లెట్ మీ పిక్ ఫ్రమ్ ఎ లిస్ట్ ఎంచుకుంటే ఒక చిన్న జాబితా వస్తుంది. అందులో హై డెఫినిషన్ ఆడియో డివైస్ అన్నది మైక్రోసాఫ్ట్ వారి సాధారణ డ్రైవర్, విండోస్‌తోపాటే వస్తుంది. దానిని ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. రియల్‌టెక్ వారి ప్రత్యేక సెట్టింగులు కొన్ని పోతాయి గాని పాట వినడానికి, పాఠం చెప్పడానికి ఇది సరిపోతుంది. దీనితో శబ్దం నిలకడగా వస్తే అలాగే వదిలేయమని నా సలహా. రియల్‌టెక్ డ్రైవరే ఉండాలన్న నియమమేమీ లేదు.

అది చాలకపోతే పూర్తి శుభ్రత చేయాలి. ఈ పనిలో వరుస ముఖ్యం. మొదట కొత్త డ్రైవర్‌ను దింపి పెట్టుకోండి. ఆ తరువాత, ఏదైనా తేడా వస్తే పాత స్థితికి వెనక్కి వెళ్లడానికి వీలుగా రిస్టోర్ పాయింట్ ఒకటి సృష్టించి, ఇంటర్నెట్ తీగ తీసేయండి లేదా వైఫై ఆపండి. నెట్ ఉంటే మీరు తీసిన డ్రైవర్‌నే విండోస్ అప్‌డేట్ వెనుకనుంచి మళ్లీ వేస్తుంది. ఇళ్లలో జరిగే ప్రయత్నాలు చాలావరకు ఇక్కడే బెడిసికొడతాయి. ఇప్పుడు సెట్టింగ్స్‌లోని ఇన్‌స్టాల్డ్ యాప్స్ నుంచి రియల్‌టెక్ ఆడియోకు సంబంధించినవి తీసేయండి. పక్కనే రియల్‌టెక్ ఈథర్‌నెట్ లేదా లాన్ అన్న పేరు కూడా ఉండవచ్చు. అది నెట్‌వర్క్ డ్రైవర్, దానిని తీస్తే ఇంటర్నెట్ పోతుంది కాబట్టి జాగ్రత్త. ఆ తరువాత డివైస్ మేనేజర్‌లో రియల్‌టెక్ ఆడియో మీద కుడి క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే వచ్చే పెట్టెలో, ఈ పరికరం డ్రైవర్‌ను కూడా తొలగించే ప్రయత్నం చేయాలా అన్న గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. టిక్ పెట్టకపోతే చెడిన డ్రైవర్, విండోస్ తన డ్రైవర్లను దాచుకునే గోదాములోనే ఉండి, మరుక్షణం తిరిగి వచ్చి కూర్చుంటుంది. యాక్షన్ మెనూలోని స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్ నొక్కండి. మళ్లీ రియల్‌టెక్ పేరే వస్తే ఇంకొక పాత డ్రైవర్ గోదాములో ఉందన్నమాట, దానినీ అలాగే తీయండి. చివరకు హై డెఫినిషన్ ఆడియో డివైస్ అన్న పేరు వచ్చినప్పుడు శుభ్రమైనట్టు. రీస్టార్ట్ చేసి, ఆ తరువాతనే కొత్త డ్రైవర్ వేయండి.

ఆ కొత్త డ్రైవర్ ఎక్కడినుంచి తేవాలి? బిగించిన డెస్క్‌టాప్ కాబట్టి మీ మదర్‌బోర్డు తయారీదారు వెబ్‌సైటు నుంచి. మోడల్ పేరు బోర్డు మీదనే అచ్చువేసి ఉంటుంది. కంప్యూటర్ క్యాబినెట్ విప్పనక్కర లేకుండా స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని టైపు చేసి తెరిస్తే బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అన్న వరుసలోనూ కనిపిస్తుంది. ఆ మోడల్ పేజీలో విండోస్ 11 ఎంచుకుంటే ఆడియో డ్రైవర్ చూపిస్తుంది. ఒకే రియల్‌టెక్ చిప్‌ను వేరువేరు తయారీదారులు తమ బోర్డుల మీద వేరువేరుగా కలుపుతారు, జాక్‌ల అమరిక మారుతుంది. అందువల్ల చిప్ ఒకటే కదా అని మరొక కంపెనీ బోర్డు డ్రైవర్ వేస్తే ముందు వైపు మైకు పనిచేయకపోవడం వంటి కొత్త ఇబ్బందులు మొదలవుతాయి. మీ దగ్గర ఉన్న చిప్ ఏదో నిర్ధారించుకోవాలంటే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ విభాగం తెరిచి, జాబితా నుంచి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. అక్కడి పొడవాటి వరుసలో వీఈఎన్ తరువాత 10ఈసీ అని ఉంటే అది రియల్‌టెక్. డీఈవీ తరువాత వచ్చే నాలుగు అక్షరాలు చిప్ మోడల్. ఉదాహరణకు 0887 అంటే ఏఎల్‌సీ 887, 0892 అంటే ఏఎల్‌సీ 892. ఆ పైన ఎస్‌యూబీఎస్‌వైఎస్ తరువాత 1043 ఉంటే ఎసుస్, 1458 ఉంటే గిగాబైట్, 1462 ఉంటే ఎంఎస్ఐ తయారీ.

మీరు వేసిన ఉచిత డ్రైవర్ అప్‌డేట్ ప్రోగ్రాంను మాత్రం ఈ రోజే తీసేయండి. అలాంటివి పేరు దగ్గరగా ఉన్న డ్రైవర్‌ను ఎక్కడినుంచో తెచ్చి వేస్తాయి, స్టార్టప్‌లో తామూ ఒక చోటు ఆక్రమిస్తాయి, డబ్బు కడితే తప్ప పని పూర్తి చేయమని మధ్యలో ఆపుతాయి. మీ కంప్యూటర్‌లో రెండు రకాల డ్రైవర్లు కలగాపులగం కావడానికి అదే కారణమై ఉండవచ్చు కూడా. నిజంగా కొత్త డ్రైవర్ ఉంటే విండోస్ అప్‌డేట్‌లోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ అన్న చోట మైక్రోసాఫ్టే చూపిస్తుంది.

మరొక అవకాశం. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమొరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు తనకు సరిపడని పాత డ్రైవర్లను లోడ్ కానివ్వదు. ఆ పేజీలో సరిపడని డ్రైవర్ల జాబితాలో ఆడియో ఫైలు పేరు కనిపిస్తే, రక్షణను ఆపడం కాదు, ఆ డ్రైవర్‌ను మార్చడమే సరైన పద్ధతి. విండోస్ మారినప్పుడు ఆడియో డ్రైవర్లు పేచీ పెట్టడం మీ ఒక్కరికే జరిగింది కాదు. విండోస్ 11 వచ్చిన కొత్తలో పదకొండో తరం ఇంటెల్ ప్రాసెసర్లున్న కొన్ని కంప్యూటర్లలో ఇంటెల్ స్మార్ట్ సౌండ్ డ్రైవర్ కారణంగా నీలి తెర వస్తోందని, ఆ డ్రైవర్ సరిచేసేదాకా మైక్రోసాఫ్ట్ ఆ యంత్రాలకు అప్‌గ్రేడ్‌నే ఆపివేసింది.

చిప్ నిజంగా పోయిందేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి విండోస్‌తో సంబంధం లేని పరీక్ష ఒకటి ఉంది. మీ అబ్బాయిని ఒక పెన్‌డ్రైవ్‌లో, విండోస్‌కు బదులుగా కంప్యూటర్‌ను నడిపే ఉబుంటు లైనక్స్ సిద్ధం చేయమనండి. కంప్యూటర్‌ను దాని నుంచి తెరిచి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అన్నది ఎంచుకుంటే డిస్క్‌లోని విండోస్‌కు ఏమీ కాదు. శబ్దం పోయిన రోజున, షట్‌డౌన్ చేసి ఇలా తెరిచినప్పుడు శబ్దం వచ్చిందంటే చిప్, జాక్, స్పీకర్లు అన్నీ బాగున్నట్టే, అప్పుడు షాపువారి మాట వినవలసిన పని లేదు. పలుమార్లు చూసినా అక్కడా రాకపోతే, విండోస్ కంటే ముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల తెర అయిన బయాస్‌లోకి వెళ్లి హెచ్‌డీ ఆడియో కంట్రోలర్ ఎనేబుల్‌లో ఉందో చూడండి. ఒకసారి కరెంటు తీగను పూర్తిగా తీసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని, కాసేపాగి మళ్లీ పెట్టి చూడండి. ఇన్ని చేసినా పలకకపోతే చిప్ పోయిందని ఒప్పుకోవచ్చు. అప్పుడు కూడా మదర్‌బోర్డు మార్చనక్కర లేదు. కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ ఆ పని చేస్తుంది.

అసలు ఆ అడాప్టర్‌నో, ఒక యూఎస్‌బీ హెడ్‌సెట్‌నో ఇప్పుడే తెచ్చి పెట్టుకోమంటాను. వీటిలో ఎక్కువభాగానికి వేరే డ్రైవర్ అక్కరలేదు, విండోస్‌లో ఉన్నదే పనిచేస్తుంది. ఈ మరమ్మతు జరిగే రోజుల్లో మీ పాఠం ఆగదు. అంతేకాక, రియల్‌టెక్ మూగపోయిన ఉదయం ఇది పలికితే విండోస్ ఆడియో సర్వీసులు బాగున్నాయనీ, ఇది కూడా పలకకపోతే లోపం సర్వీసుల్లో ఉందనీ తేలుతుంది. సర్వీసుల్లో అయితే స్టార్ట్‌లో సర్వీసెస్ అని టైపు చేసి తెరిచి, పైన చెప్పిన రెండు ఆడియో సర్వీసులూ ఆటోమేటిక్‌గా ఉన్నాయో లేదో చూసి, కుడి క్లిక్‌తో రీస్టార్ట్ చేయండి. పాఠం జూమ్‌లో చెబుతున్నట్లయితే ఆడియో సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యూజిషియన్స్ అన్నది ఆన్ చేసుకోవడం మరవకండి. లేకపోతే తంబూర శ్రుతిని అది రొదగా భావించి తగ్గించేస్తుంది, పిల్లలకు ఆధార షడ్జం అందదు.

పనులన్నీ ఒకే రోజు పెట్టుకోవద్దు. మొదట స్టార్టప్ వరుసను డిజేబుల్ చేసి, ఫాస్ట్ స్టార్టప్ తీసి, ఒక వారం చూడండి. ఆ వారంలో మళ్లీ శబ్దం పోతే, మిగిలిన పనులకు దిగే ముందు మూడు వివరాలు నాకు రాయండి: ఆ పెట్టెలో ఉన్న వాక్యం అక్షరం పొల్లుపోకుండా, డివైస్ మేనేజర్ చూపిన కోడ్ సంఖ్య, హార్డ్‌వేర్ ఐడీస్‌లోని మొదటి వరుస. ఫోనుతో ఫొటో తీసి పంపినా చాలు.